పుట్టినప్పటి నుంచి ఆరేళ్ల దాకా: పిల్లల ఎదుగుదలపై తరచుగా అడిగే ప్రశ్నలు

బరువు, నడక, మాటలు, మొండితనం, సిగ్గు, బడి... చిన్నపిల్లలున్న ప్రతి ఇంట్లో అమ్మానాన్నలు, అమ్మమ్మలు, తాతయ్యలు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాం. ఈ జవాబులన్నిటి వెనుక మేము గట్టిగా నమ్మే మాట ఒకటుంది. బిడ్డ చూపుకు చూపు, కేరింతకు నవ్వు, మాటకు మాట తిరిగి ఇచ్చే మనుషులు దగ్గరుంటే ఎదుగుదలకు కావలసిన పెద్ద దన్ను దొరికినట్టే. ఖరీదైన బొమ్మలు, ముందస్తు చదువులు ఆ తర్వాతి సంగతి.

మా బాబు బొద్దుగా లేడు. వయసుకు తగ్గట్టు పెరుగుతున్నాడో లేదో ఎలా తెలుసుకోవాలి?

బొద్దుతనం చూసి చెప్పలేం, తూకం చూడాలి. అది కూడా ఒక్కసారి చూస్తే సరిపోదు. పుట్టిన మొదటి వారంలో బిడ్డ తన బరువులో పదో వంతు దాకా తగ్గవచ్చు. రెండు వారాలకల్లా తిరిగి పుంజుకుంటుంది. ఆ తర్వాత సుమారు 5 నెలలకు పుట్టిన బరువుకు రెట్టింపు, ఏడాదికి మూడు రెట్లు, రెండేళ్లకు నాలుగు రెట్లు అవుతుంది. పుట్టినప్పుడు 50 సెంటీమీటర్ల పొడవున్న బిడ్డ ఏడాదికి దాదాపు 75కు, నాలుగేళ్లకు 100కు చేరుతుంది. మొదటి ఏడాది పెరిగినంత వేగంగా మనిషి ఆ తర్వాత ఎన్నడూ పెరగడు. రెండో ఏడాదిలో ఆ వేగంతో పాటు ఆకలీ తగ్గుతుంది. "నిన్నటిదాకా బాగా తిన్నాడు, ఇప్పుడు ముద్ద ముట్టడం లేదు" అన్న మాట ఏడాది దాటిన పిల్లల ఇళ్లలోనే ఎక్కువగా వినిపించడానికి కారణం ఇదే.

అంగన్‌వాడీలో ఇచ్చే తల్లీబిడ్డల రక్షణ కార్డులో ఎదుగుదల గీతలుంటాయి. ప్రతినెలా తూచిన బరువును అందులో చుక్కగా పెట్టి, చుక్కలన్నీ కలిపి చూడండి. గీత పైకి సాగుతుంటే సన్నగా ఉన్న బిడ్డ గురించి కూడా నిశ్చింతగా ఉండవచ్చు. రెండు మూడు నెలలు అది అడ్డంగా సాగినా, కిందికి దిగినా బొద్దుగా కనిపించే బిడ్డనైనా డాక్టరుకు చూపించాలి.

మన పిల్లలు పుట్టుకతోనే కాస్త చిన్నగా ఉంటారు కదా, విదేశీ లెక్కలు మనకు వర్తిస్తాయా?

ఇప్పుడు వాడుతున్న గీతలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో విడుదల చేసింది. బ్రెజిల్, ఘనా, నార్వే, ఒమన్, అమెరికాతో పాటు మన ఢిల్లీ పిల్లలను కూడా కొలిచి వాటిని తయారు చేశారు. తల్లిపాలు, సరైన తిండి, శుభ్రమైన పరిసరాలు దొరికినప్పుడు ఈ ఆరు దేశాల పిల్లలూ మొదటి ఐదేళ్లలో దాదాపు ఒకే తీరున పొడవు పెరిగారు. కాబట్టి "మనవాళ్లు ఇంతే" అని సరిపెట్టుకోవడం సరికాదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఐదేళ్లలోపు పిల్లల్లో దాదాపు ముగ్గురిలో ఒకరు వయసుకు తగ్గ ఎత్తు లేరు. రక్తహీనత ఇంకా ఎక్కువ: 6 నెలల నుంచి 59 నెలల పిల్లల్లో ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 63 శాతం, తెలంగాణలో 70 శాతం. ఇనుము తక్కువైన బిడ్డ త్వరగా అలసిపోతుంది, ఆటలో వెనకబడుతుంది, చుట్టూ ఉన్నవాటిపై ఆసక్తి తగ్గుతుంది. అలాంటి బిడ్డను ఇంట్లోవాళ్లు "బుద్ధిమంతురాలు, ఒక్కచోట కూర్చుంటుంది" అని మెచ్చుకోవడం చూసినప్పుడు బాధ కలుగుతుంది. ఆరు నెలలు నిండగానే తల్లిపాలతో పాటు మెత్తగా, చిక్కగా మెదిపిన పప్పన్నం, ఆకుకూర, గుడ్డు అలవాటు చేయండి. పప్పు మీది తేట కడుపు నింపుతుంది కానీ బలం ఇవ్వదు. వారానికి రెండుసార్లు వేయాల్సిన ఐరన్ సిరప్ గురించి ఏఎన్ఎంను, ఆశా కార్యకర్తను తప్పక అడగండి.

పక్కింటి పాప పది నెలలకే నడిచింది. మా పాప ఏడాది నిండినా అడుగు వేయలేదు. ఆలస్యమైనట్టేనా?

కాదు. మన ఇళ్లలో బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు పంచే వేడుకలున్నాయి. ఆ వేడుకల్లో ఒక వరుస ఉంది కానీ, ఫలానా నెలకే చేయాలన్న నియమం లేదు. కొలతలు చెప్పేదీ ఇదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశీలనలో ఆరోగ్యవంతులైన పిల్లలు ఊతం లేకుండా కూర్చోవడం సుమారు 4 నుంచి 9 నెలల మధ్య, ఒంటరిగా నడవడం 8 నుంచి దాదాపు 18 నెలల మధ్య మొదలైంది. వారిలో 4 శాతానికి పైగా పిల్లలు చేతులు, మోకాళ్ల మీద పాకనే లేదు, నేరుగా లేచి నడిచారు. పదో నెలలో నడిచిన పాప, పదహారో నెలలో నడిచిన పాప ఐదేళ్లకు ఒకే వీధిలో సమానంగా పరుగెత్తుతారు.

18 నెలలు నిండినా నడవకపోతే, ఒంట్లో ఒకవైపే బిగుతుగా గానీ సత్తువ లేకుండా గానీ ఉంటే, వచ్చిన నడక పోతే డాక్టరు చూడాలి. చక్రాల వాకర్ కొనవద్దు. అది నడకను ముందుకు తేదు. గడపల దగ్గర, మెట్ల దగ్గర బోల్తా పడి తలకు దెబ్బలు తగులుతాయి. కెనడా 2004లో వాటి అమ్మకాన్నే నిషేధించింది. నేల మీద వదిలి, మంచమో బల్లో పట్టుకుని లేవనిస్తే చాలు.

మాటలు ఎప్పుడు రావాలి? అసలు మాట రాని బిడ్డతో మాట్లాడితే ఏం లాభం?

లాభం చాలా ఉంది. పలకడం రాకముందే వినడం మొదలవుతుంది. 1984లో కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ ఒక పరిశీలన ప్రచురించారు. హిందీలోని "ట", "త" ధ్వనుల మధ్య తేడా ఇంగ్లిష్ ఇళ్లలో పుట్టిన పసివాళ్లు గుర్తించగలరా అని చూశారు. 6 నుంచి 8 నెలల పిల్లల్లో ఎక్కువమంది గుర్తించారు. 10 నుంచి 12 నెలలు వచ్చేసరికి చాలామందిలో ఆ నేర్పు పోయింది. తమ ఇంట్లో వినపడని తేడాను చెవి వదిలేసింది. హిందీ వింటూ పెరిగిన పిల్లల్లో అది నిలిచింది. తెలుగులోనూ అదే తేడా ఉంది కాబట్టి ఈ ఫలితం మనకు దగ్గరిది. మీరు స్నానం చేయిస్తూ, అన్నం కలుపుతూ చెప్పే ప్రతి మాటా బిడ్డ చెవిని మన భాషకు సిద్ధం చేస్తోంది.

వరుస ఇలా ఉంటుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకు మీ ముఖం చూసి నవ్వుతుంది. ఆరేడు నెలలకు "బాబాబా", "తాతాతా" అంటూ అక్షరాలు దొర్లిస్తుంది. ఏడాదికి అటూ ఇటూగా వేలితో చూపించడం, ఒకటో రెండో అర్థమున్న మాటలు వస్తాయి. రెండేళ్లకు "అమ్మ రా", "పాలు కావాలి" లాంటి రెండు మాటల కూర్పులు వస్తాయి. వీటిలో అందరూ తేలిగ్గా తీసుకునేది వేలితో చూపడం. కాకి వాలగానే చూపించి, వెంటనే మీ ముఖంలోకి చూస్తుందే, అది "నేను చూసింది నువ్వూ చూడు" అని పిలవడం. ఆ పిలుపుకు "అవునమ్మా, కాకి!" అని బదులిచ్చిన ప్రతిసారీ ఒక మాట నాటుకుంటుంది.

త్వరగా మాటలు రావాలంటే వస పోయాలా? నాలుక కింద తీగ కోయించాలా?

వస వద్దు. పెద్దవాళ్లు ప్రేమతోనే పోస్తారు, కానీ వసకొమ్ములోని బీటా అసరోన్ అనే పదార్థం హానికరమని తేలింది; అమెరికా 1968లోనే వసను ఆహారంలో వాడకుండా నిషేధించింది. మాటలకు అది మందు కాదు. తేనె కూడా ఏడాదిలోపు నాకించకూడదు, బాట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. నాలుక కింది తీగ బిగుతుగా ఉంటే పాలు తాగడం ఇబ్బంది కావచ్చు, కొన్ని అక్షరాలు సరిగా పలకకపోవచ్చు. మాటలే రాకపోవడానికి మాత్రం అది కారణం కాదు.

మాటలు ఆలస్యమైతే మొదట చేయించాల్సింది వినికిడి పరీక్ష. వెయ్యి మంది పసివాళ్లలో ఒకరి నుంచి ముగ్గురు శాశ్వత వినికిడి లోపంతో పుడతారు. తలుపు చప్పుడుకు తిరిగి చూసినంత మాత్రాన మాటలు స్పష్టంగా వినపడుతున్నాయని అనుకోకూడదు. "మగపిల్లలకు ఆలస్యంగానే వస్తాయి", "వాళ్ల నాన్నకూ మూడేళ్లకే వచ్చాయి" అన్న ఓదార్పు మాటల వల్ల ఎందరో పిల్లలకు విలువైన రెండేళ్లు పోతున్నాయి.

ఇంట్లో తెలుగు, బయట ఇంగ్లిష్. రెండూ కలిస్తే బిడ్డ తికమక పడదా?

పడదు. రెండు భాషల మధ్య పెరగడం మాటల ఆలస్యానికి కారణం కాదు. బిడ్డ రెండింటినీ కలిపి మాట్లాడటం కొంతకాలం సహజం. మాటలు లెక్కపెట్టేటప్పుడు రెండు భాషల్లోనివీ కలిపి లెక్కపెట్టండి. డల్లాస్‌లో ఉన్నా, దుబాయిలో ఉన్నా మీకు ఏ భాషలో నవ్వు, కోపం, కథ సహజంగా వస్తాయో ఆ భాషలోనే బిడ్డతో మాట్లాడండి. తడుముకుంటూ మాట్లాడే ఇంగ్లిష్ కన్నా నిండుగా మాట్లాడే తెలుగు బిడ్డకు ఎన్నో రెట్లు మేలు. బయటి భాషను బడి, స్నేహితులు ఎలాగూ నేర్పుతారు. తాతయ్యతో మాట్లాడగల భాష మాత్రం ఇంట్లోనే రావాలి.

ఫోనులో బొమ్మల పాటలు పెడితేనే అన్నం తింటున్నాడు. ఏం చేయాలి?

చాలా ఇళ్లలో ఇదే పరిస్థితి. అలసిపోయిన తల్లిని నిందించడం మా ఉద్దేశం కాదు. కానీ రెండేళ్లు నిండేదాకా తెర వద్దనీ, 2 నుంచి 4 ఏళ్ల వారికి రోజుకు గంట మించకూడదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది.

ఎందుకో తెలియాలంటే 1970లలో అమెరికాలో ఎడ్వర్డ్ ట్రానిక్ చేసిన ప్రయోగం గురించి తెలుసుకోవాలి. తల్లి మొదట బిడ్డతో మామూలుగా ఆడుతుంది. తర్వాత కొద్ది నిమిషాలు ముఖంలో ఏ కదలికా లేకుండా బిడ్డను చూస్తూ ఉండిపోతుంది. బిడ్డ నవ్వుతుంది, కూస్తుంది, చేతులు చాస్తుంది. అమ్మ ముఖం కదలకపోతే కలవరపడి చూపు తిప్పేసుకుంటుంది. బదులు రావడం పసిబిడ్డకు అంత అవసరం. ఫోనులో పాట ఎంత రంగులమయమైనా బిడ్డ కేరింతకు ఆగదు, బిడ్డ ప్రశ్నకు జవాబివ్వదు. మన చేతిలో ఉన్న ఫోను మన ముఖాన్నే కదలని ముఖంగా మారుస్తుందన్నది మరింత ఆలోచించాల్సిన సంగతి. దూరాన ఉన్న అమ్మమ్మతో వీడియో కాల్ వేరు, అవతల బదులు పలికే మనిషి ఉంది.

మాన్పించడానికి నాలుగైదు రోజులు కష్టపడాలి. ఇంటిల్లిపాదితో పాటు కూర్చోబెట్టి, పళ్లెంలో కొంచెం పెట్టి, చేత్తో తిననివ్వండి. సగం నేలపాలవుతుంది. ఆకలేస్తే తింటాడు.

ఎనిమిది నెలల దాకా అందరి దగ్గరికీ వెళ్లిన పాప ఇప్పుడు ఎవరిని చూసినా ఏడుస్తోంది. ఎత్తుకుని ఎత్తుకుని చెడగొట్టామా?

ఎత్తుకుంటే ఏ బిడ్డా చెడిపోదు. ఎనిమిది, తొమ్మిది నెలలకు తనవాళ్లెవరో, కొత్తవాళ్లెవరో బిడ్డకు స్పష్టంగా తెలుస్తుంది. ఆ ఏడుపు తెలివి పెరిగినదానికి గుర్తు. అమ్మ కనపడకపోతే బెంగపడటం 10 నుంచి 18 నెలల మధ్య బాగా ఎక్కువగా ఉండి, నెమ్మదిగా తగ్గుతుంది.

మేరీ ఐన్స్‌వర్త్ అనే మనస్తత్వవేత్త 1950లలో ఉగాండా పల్లెల్లో తల్లీబిడ్డలను గమనించినప్పుడు పాకే పిల్లలు తల్లిని వదిలి కొంత దూరం వెళ్లి, చుట్టూ పరిశీలించి, మళ్లీ తల్లి దగ్గరికి వచ్చి, తిరిగి బయలుదేరడం చూశారు. తిరిగి రావడానికి చోటుందన్న ధీమా ఉన్న బిడ్డే దూరం వెళ్లగలదు. అందుకే ఉద్యోగానికి వెళ్లేటప్పుడు బిడ్డను మరిపించి దొంగచాటుగా జారుకోవద్దు. "వెళ్లి సాయంత్రం వస్తాను" అని చెప్పి వెళ్లండి. ఏడుస్తుంది. అయినా మీరు చెప్పినట్టే తిరిగి వచ్చారన్నది రోజూ నేర్చుకుంటుంది.

రెండేళ్లవాడు అడిగింది ఇవ్వకపోతే నేల మీద పడి దొర్లుతున్నాడు, కొరుకుతున్నాడు. దెబ్బ వేయకుండా దారికి వస్తాడా?

వస్తాడు. ఏడాదిన్నర నుంచి నాలుగేళ్ల వరకు కోరిక పెద్దది, మాట చిన్నది, ఆవేశాన్ని ఆపే శక్తి ఇంకా తయారు కానిది. పుట్టినప్పుడు పెద్దవాళ్ల మెదడులో పావు వంతు బరువుండే మెదడు ఆరేళ్లకు 90 శాతానికి చేరుతుంది. కానీ ఆవేశాన్ని అదుపు చేసే నుదుటి వెనుక భాగం ఇరవై ఏళ్లు దాటాక గానీ పూర్తిగా పరిణతి చెందదు.

ఆకలి, నిద్ర, అలసట ఉన్నాయేమో మొదట చూడండి. మూడు నాలుగేళ్ల పిల్లలకు రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. పెద్దవాళ్లతో పాటు రాత్రి పదకొండు దాకా మేలుకునే బిడ్డ మర్నాడు చిరాకు పడక ఏం చేస్తుంది? దొర్లుతున్నప్పుడు దెబ్బ తగలకుండా దగ్గరే ఉండండి, కోరింది మాత్రం ఇవ్వకండి. శాంతించాక "కోపం వచ్చింది కదూ" అని ఆ కోపానికి పేరు పెట్టండి. కొరికితే "కొరకకూడదు, నొప్పి పుడుతుంది" అని ఒక్క ముక్కలో గట్టిగా చెప్పండి. అమ్మ వద్దన్నది నాయనమ్మ ఇస్తే, నాన్న కాదన్నది తాతయ్య కొంటే ఏ పద్ధతీ పనిచేయదు. పెద్దవాళ్లు ముందు ఒక మాట మీదికి రావాలి.

దెబ్బ ఆ క్షణానికి ఏడుపును ఆపవచ్చు. దానితో పాటు బలమున్నవాడు లేనివాడిని కొట్టవచ్చన్న పాఠాన్నీ నేర్పుతుంది. దెబ్బలు తిన్న పిల్లల్లో దుడుకుతనం పెరుగుతుందని ఎన్నో దేశాల పరిశీలనలు చెబుతున్నాయి. బడిలో పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. బూచాడు వస్తాడని, డాక్టరు సూది పొడుస్తాడని బెదిరించడమూ మానాలి. ఈ వయసులో ఊహకూ నిజానికీ మధ్య గీత పలచగా ఉంటుంది. పగలు చెప్పిన బూచాడు రాత్రి నిద్రలోకి వస్తాడు. డాక్టరంటే భయపడే బిడ్డకు నిజంగా జ్వరం వచ్చినప్పుడు కష్టపడేది మీరే.

మా బాబు తోటిపిల్లలతో కలిసి ఆడడు, బొమ్మలు ఎవరికీ ఇవ్వడు. స్వార్థపరుడవుతాడా?

వయసు చెప్పకుండా దీనికి జవాబు లేదు. 1932లో మిల్డ్రెడ్ పార్టెన్ పిల్లల ఆటను గమనించి దశలు గుర్తించారు: ఒంటరిగా ఆడటం, పక్కన నిలబడి చూడటం, ఒకరి పక్కన ఒకరు ఎవరి ఆట వాళ్లు ఆడటం, కొద్దిగా కలవడం, చివరికి నియమం పెట్టుకుని కలిసి ఆడటం. రెండేళ్ల పిల్లలు పక్కపక్కనే ఇసుకలో కూర్చుని వేర్వేరుగా ఆడుతుంటే అది ఆ వయసు స్నేహం. పంచుకోవడం మూడేళ్లు దాటాక మొదలై, నాలుగైదేళ్లకు కుదురుకుంటుంది. అంతకుముందు లాక్కుని మరొకరికి ఇస్తే ఇవ్వడం నేర్చుకోడు, లాక్కోవడం నేర్చుకుంటాడు.

దాగుడుమూతలు, తొక్కుడుబిళ్ల, అచ్చనగాయలు, బొమ్మరిల్లు ఆటల్లో నేర్పేవారు లేకుండానే పిల్లలు ఎంతో నేర్చుకున్నారు. తన వంతు కోసం ఆగడం, ఓడినా మళ్లీ ఆటకు రావడం, చిన్నవాడికి ఆటలో మినహాయింపు ఇవ్వడం, తగువు వస్తే పెద్దవాళ్లను పిలవకుండా తీర్చుకోవడం అందులో ఉన్నాయి. నాలుగేళ్లవాడు పదేళ్ల అక్క వెంట తిరిగిన వీధి అది. అపార్ట్‌మెంట్లలో ఆ వీధి లేదు. పక్క ఫ్లాటు పిల్లలను పిలవండి, సెలవుల్లో పిన్ని, బాబాయి, అత్తయ్య పిల్లలను ఒకచోట చేర్చండి. రోజుకు గంట పెద్దల అజమాయిషీ లేని ఆట దొరికితే, ఏ వ్యక్తిత్వ వికాస తరగతీ అక్కర్లేదని మా గట్టి నమ్మకం.

నాలుగేళ్ల పాప అబద్ధాలు చెబుతోంది. ఎక్కడ నేర్చుకుంది?

తనంతట తానే. 1983లో విమ్మర్, పెర్నర్ అనే ఇద్దరు పరిశోధకులు పిల్లలకు ఒక కథ చెప్పారు. ఒక బాబు చాక్లెట్ ఒక అలమరలో పెట్టి బయటికి వెళ్తాడు. అతను లేనప్పుడు అమ్మ దాన్ని వేరే అలమరలోకి మారుస్తుంది. తిరిగి వచ్చాక బాబు ఎక్కడ వెతుకుతాడు? మూడేళ్ల పిల్లలు చాక్లెట్ ఇప్పుడున్న చోటే చూపిస్తారు. నాలుగు దాటి ఐదు వైపు వెళ్లే పిల్లలు "తను పెట్టిన చోటే వెతుకుతాడు" అనడం మొదలుపెడతారు. నాకు తెలిసింది ఎదుటివారికి తెలియకపోవచ్చు అన్న గ్రహింపు అప్పుడు పుడుతుంది. జాలి, కానుకను దాచి ఆశ్చర్యపరచడం, అబద్ధం మూడూ ఆ గ్రహింపు నుంచే వస్తాయి. నిజం చెప్పినప్పుడు శిక్ష తగ్గించండి. గ్లాసు పగిలిందని చూసి కూడా "ఎవరు పగలగొట్టారు?" అని అడిగితే అబద్ధాన్ని మనమే పిలిచినట్టు. "గ్లాసు పగిలింది, రా తుడుద్దాం" అంటే సరిపోతుంది.

చుట్టాలు రాగానే నా వెనక దాక్కుంటుంది. ఈ సిగ్గు పోయేదెలా?

1956లో న్యూయార్క్‌లో థామస్, చెస్ అనే ఇద్దరు పరిశోధకులు మొదలుపెట్టిన దీర్ఘకాల పరిశీలనలో సుమారు 15 శాతం పిల్లలు కొత్తదానికి నిదానంగా అలవాటు పడే స్వభావంతో కనిపించారు. అది లోపం కాదు. "అంకుల్‌కు పాట పాడు" అని అందరి ముందు నిలబెట్టకండి, "దీనికి సిగ్గెక్కువ" అని పేరు పెట్టకండి. పది నిమిషాలు మీ ఒడిలో కూర్చుని చూడనిస్తే చాలామంది పిల్లలు వాళ్లంతట వాళ్లే దిగి వెళ్తారు. ముద్దు పెట్టమని, ఒళ్లో కూర్చోమని బలవంతం అసలే వద్దు. తన ఒంటిని తాకడానికి తన ఇష్టం ఉండాలన్న సంగతి బిడ్డ నేర్చుకునేది ఇక్కడే.

ఎడమ చేత్తో తింటున్నాడు. మాన్పించాలా?

ప్రపంచంలో పది మందిలో ఒకరు ఎడమచేతి వాటంవారే. బలవంతంగా మార్చకండి. పెళ్లిళ్లలో, గుళ్లో కుడి చేయి వాడటం మర్యాదగా నేర్పవచ్చు. రాత, కత్తెర, బంతి మాత్రం వాడి వాటానికే వదలండి. ఏడాదిన్నర లోపే ఒక చేతినే వాడుతూ రెండో చేతిని అసలు కదపకపోతే అది వాటం కాకపోవచ్చు, డాక్టరుకు చూపించాలి.

అబ్బాయి, అమ్మాయి పెంపకంలో తేడా ఉండాలా?

మూడేళ్లకల్లా తాను అబ్బాయో అమ్మాయో పిల్లలు చెప్పగలరు. ఆ వెంటనే "ఎవరు ఏం చేస్తారు" అని ఇంట్లో చూసి పోల్చుకోవడం మొదలుపెడతారు. పళ్లేలు ఎవరు తీస్తున్నారు, ఎవరు ముందు తింటున్నారు, ఎవరి మాటకు అడ్డు రాకూడదు అన్నవన్నీ మనం చెప్పకుండానే నేర్చుకుంటారు. "మగపిల్లాడివి, ఏడుస్తావా?" అని ఆపిన ఏడుపు చాలాసార్లు కోపంగా బయటికొస్తుంది. అబ్బాయి కూడా బొమ్మకు జోల పాడాలి, అమ్మాయి కూడా చెట్టెక్కాలి.

అక్షరాభ్యాసం అయింది. ఇక రాయించవచ్చా? బడికి ఎప్పుడు పంపాలి?

బాసరలోనో ఇంట్లోనో బియ్యంలో "ఓం" దిద్దించడం పండుగ. మర్నాటి నుంచి పలక నింపమని కాదు. మణికట్టులోని చిన్న ఎముకలు పుట్టినప్పుడు మెత్తని మృదులాస్థిగానే ఉంటాయి, ఏళ్ల తరబడి ఒక్కొక్కటిగా గట్టిపడతాయి. పెన్సిల్‌ను మూడు వేళ్లతో నిలకడగా పట్టే పట్టు నాలుగు నుంచి ఆరేళ్ల మధ్య వస్తుంది. ఆలోగా పిండి ముద్ద చేయడం, బఠాణీలు ఒలవడం, ముగ్గు చుక్కలు పెట్టడం, ఇసుకలో గీయడం వేళ్లకు మంచి సాధన.

2020 జాతీయ విద్యా విధానం 3 నుంచి 8 ఏళ్లను ఒకే పునాది దశగా చెప్పి, అందులో ఆటకు పెద్దపీట వేసింది. ఒకటో తరగతి ఆరేళ్లకు మొదలవ్వాలంది. మూడేళ్లకు ఆటపాటలున్న చోటికి పంపండి. 1975 అక్టోబర్ 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం కింద నడిచే అంగన్‌వాడీలో 3 నుంచి 6 ఏళ్ల పిల్లలకు పూర్వ ప్రాథమిక విద్య ఉచితం. మూడేళ్ల బిడ్డకు హోంవర్క్ ఇచ్చే బడి ఎంత పేరున్నదైనా వద్దు.

ఏ గుర్తులు కనిపిస్తే ఆగకుండా చూపించాలి? ఎక్కడికి వెళ్లాలి?

మూడు నెలలకు కూడా ముఖం చూసి నవ్వకపోతే, ఏడాదికి పేరు పెట్టి పిలిచినా తిరిగి చూడకపోతే, వేలితో చూపకపోతే, 16 నెలలకు ఒక్క మాటా రాకపోతే, రెండేళ్లకు రెండు మాటలు కలపకపోతే ఆగవద్దు. ఏ వయసులోనైనా వచ్చిన మాటలు, కలివిడితనం పోతే అదే వారం వెళ్లండి. "ఇంకా ఆరు నెలలు చూద్దాం" అన్న సలహా ఎవరిచ్చినా తీసుకోకండి. మెదడు వేగంగా మలచబడే కాలమిది. శిక్షణ ఎంత ముందుగా మొదలైతే బిడ్డకు అంత మేలు.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలకు ఉచిత పరీక్షలున్నాయి. దీని వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు రావాలి. ఎప్పుడు వస్తాయో టీచరును అడిగి ఆ రోజు బిడ్డను తీసుకెళ్లండి. అవసరమైతే అక్కడి నుంచి జిల్లా స్థాయిలో ఉండే డీఈఐసీకి, అంటే లోపాలను ముందుగా గుర్తించి చికిత్స చేసే కేంద్రానికి పంపుతారు. వినికిడి, మాట, నడక, ప్రవర్తన సమస్యలకు అక్కడ చికిత్స, శిక్షణ ఉచితం. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థలో మేధో వికాస లోపాలున్న పిల్లలకు పరీక్షలు, తల్లిదండ్రులకు శిక్షణ దొరుకుతాయి. వెళ్లేటప్పుడు తల్లీబిడ్డల రక్షణ కార్డు, కాన్పు సమయంలో ఆసుపత్రి ఇచ్చిన కాగితాలు, బిడ్డ ఇంట్లో మామూలుగా ఆడుకుంటున్నప్పుడు తీసిన రెండు మూడు చిన్న వీడియోలు తీసుకెళ్లండి. కొత్త గదిలో బిడ్డ బిగుసుకుపోయినా ఆ వీడియోలు చూసి డాక్టరు చాలా తెలుసుకోగలరు.